స్లో థ్రిల్లర్‌లో ఆలస్యం ఎవరిది?

నూట యాభై పేజీలు దాటినా శవం కనబడదు, పోలీసు జీపు రాదు, ఎవరి మీదా గట్టి అనుమానమంటూ ఉండదు. అయినా పుస్తకం పక్కన పెట్టబుద్ధి కాదు. అంతే లావున్న ఇంకో నవల, అంతే నిదానంగా నడిచి, యాభయ్యో పేజీకే ఆవులింతలు తెప్పిస్తుంది. రెండింటిలోనూ జరిగేది తక్కువే, వర్ణనలు ఎక్కువే. మరి ఒకటి పట్టి కూర్చోబెడితే ఇంకొకటి ఎందుకు జారిపోతుంది? శైలి అనో వాతావరణం అనో చెప్పి చాలామంది ముగిస్తారు. నాకది చాలదు. చక్కటి శైలితో విసిగించిన స్లో థ్రిల్లర్లు చదివాను, చప్పటి వాక్యాలతో నిద్ర పోనివ్వనివీ చదివాను. అసలు చూడాల్సింది నిజాన్ని బయటికి రాకుండా ఆపుతున్నది ఎవరని. కథలోని మనుషులు ఆపుతున్నారా, కథ రాసిన మనిషి ఆపుతున్నాడా?

మన దగ్గర మిస్టరీ అనగానే వేగం గుర్తొస్తుంది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ రోజుల నుంచీ పాకెట్ సైజు అపరాధ పరిశోధన నవలలు అద్దె పుస్తకాల షాపుల్లో చేతులు మారుతూ వచ్చాయి. కాజీపేటలో రైలెక్కి తెరిస్తే సికింద్రాబాద్‌లో దిగేలోపు హంతకుడు దొరకాలి, లేకపోతే అద్దె దండగ అనుకునేవాళ్లు. వారపత్రికల సీరియళ్లు ఇంకో రుచి మప్పాయి. ప్రతివారం ఆఖరి లైన్లో ఒక కేకో, తలుపు చప్పుడో వినబడేది, ఆ వెంటనే సశేషం. అందులోనూ పనితనం ఉంది, కాదనను. కాకపోతే ఆ చదువరితనంతో నిదానపు నవల దగ్గరికి వెళ్తే మొదటి ఫిర్యాదు "ఇంకా ఏం కాలేదేంది?" అనే వస్తుంది. ఏం కావాలో ముందే అనుకొని కూర్చుంటాం కాబట్టి, అవుతున్నది కంటికి ఆనదు.

ఉత్త మాటలతో చెబితే ఇది తేలేది కాదు. ఒక కథ అల్లుకుందాం. ఇది ఏ పుస్తకంలోదీ కాదు, మన ఇప్పటి అవసరానికి కట్టుకున్నది.

వరంగల్ నుంచి ములుగు పోయే దారిలో ఎక్కడో ఒక ఊరు. 2015 ఎండాకాలం. మిషన్ కాకతీయ పేరుతో రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను బాగుచేస్తామని సర్కారు పని మొదలుపెట్టిన ఏడాది. జేసీబీ పూడిక తీస్తోంది, రైతులు ఆ ఒండ్రు మట్టిని ట్రాక్టర్లలో పొలాలకు తోలుకుంటున్నారు. మట్టిలోంచి తుప్పుపట్టిన సైకిలు చట్రం ఒకటి లేస్తుంది. డైనమో ఇంకా దానికి అంటుకొనే ఉంది. కట్ట మీద కూర్చున్న ఇద్దరు ముసలోళ్లు దాన్ని చూసి, ఒకరితో ఒకరు ఏమీ అనుకోకుండా, లేచి చెరో దారిన ఇంటికి పోతారు. 1983 వానాకాలంలో చెరువు నిండి మత్తడి దుంకిన రాత్రి ఆ ఊరి మనిషి ఒకడు మాయమయ్యాడు. పెండ్లి కానివాడు, ఆరెకరాల ఆసామి. బొంబాయి పోయాడని కొందరు, భీవండి పోయాడని కొందరు అన్నారు. అతని మేనకోడలు ఇప్పుడు హనుమకొండలో టీచరు. సైకిలు సంగతి ఆమె చెవిన పడింది. నవల ఇక్కడ మొదలవుతుంది.

1966లో త్స్వెతాన్ తొదొరోవ్ అనే విమర్శకుడు డిటెక్టివ్ కథల రకాల మీద ఒక వ్యాసం రాశాడు. ఇలాంటి నవలలో నిజానికి రెండు కథలుంటాయని అతని పరిశీలన. ఒకటి నేరం కథ, రెండోది పరిశోధన కథ. మొదటి కథ పుస్తకం తెరిచేసరికే అయిపోయి ఉంటుంది. రెండో కథలో మనుషులు పెద్దగా ఏమీ చేయరు, తెలుసుకుంటారు. మన కథలో 1983 మొదటిది, 2015 రెండోది. ఇలా విడదీసి చూస్తే "ఏమీ జరగట్లేదు" అనే ఫిర్యాదు కొంత సద్దుమణుగుతుంది. జరగాల్సింది ముప్పై రెండేళ్ల కిందటే జరిగిపోయింది. ఇప్పుడు జరుగుతున్నదల్లా తెలియడమే. ఆ తెలియడం ఏ పేజీలోనైనా ఆగిపోతే నవల ఆగినట్టు. తుపాకులు పేలుతున్నా ఆగినట్టే.

అయితే ఈ తెలియడం అంత నిదానంగా ఎందుకు సాగాలి? టీచరమ్మ ఊరికెళ్లి నలుగురిని అడిగితే రెండు రోజుల్లో తేలదా? మంచి నవలకూ మామూలు నవలకూ దారులు విడిపోయేది ఇక్కడే. తేలదని రచయిత ఊరికే అంటే సరిపోదు, ప్రతి నోటికీ మూతపడిన కారణం ఉండాలి. అది ఆ మనిషికి సొంతమైన కారణం కావాలి.

మొదట నీళ్ల సంగతే చూడండి. కాకతీయుల నాటి పద్ధతిలో మన చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది ఊరి చెరువులో చేరతాయి. ఆ రాత్రి బరువైన సైకిలు పై చెరువులో కూరుకుపోయింది. చేతిసంచి మాత్రం మత్తడి మీదుగా కొట్టుకుపోయి, తెల్లారి కింది ఊళ్లో చేపలు పట్టేవాళ్ల వలకు తగిలింది. ఎవరిదో వాళ్లకు తెలియదు. పై ఊరివాళ్లకు మనిషి పోయాడని తెలుసు, సంచి దొరికిందని తెలియదు. కింది ఊరివాళ్లకు సంచి తెలుసు, మనిషి తెలియదు. ఒక్క నిజం రెండు ఊళ్ల మధ్య సగం సగం పడి ఉంది. ఇక్కడ ఎవరూ అబద్ధమాడటం లేదు, ఎవరూ దాచడం లేదు. ఆలస్యం మాత్రం ఉంది. స్లో థ్రిల్లర్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆలస్యం ఈ రకందే.

తర్వాత కాగితాలు. 1983 నాటికి ఊళ్లలో పటేల్, పట్వారీ ఇంకా ఉన్నారు. ఆ తర్వాత కొద్ది కాలానికే ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేసింది. మన కథలో పట్వారీ పదవి పోయినా కొన్ని పాత పహాణీలు, అంటే ఊరి భూముల లెక్కల పుస్తకాలు, ఇంట్లోనే అట్టిపెట్టుకున్నాడు. మాయమైన మనిషి పొలం చెరువు శిఖానికి ఆనుకొని ఉంది. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు తేలే ఆ శిఖం భూమి మీద ఊళ్లో పెద్దమనుషులందరి కన్నూ ఉంటుంది. పహాణీలో ఒక పేరు పక్కన ఇంకో సిరాతో రాసిన పేరు. అది చూపిస్తే పట్వారీ కొడుకు ఇప్పుడు దున్నుతున్న రెండెకరాలు పోతాయి. కాబట్టి అతను మర్యాదగా చాయ్ పోయిస్తాడు, పుస్తకాలు మాత్రం చెదలు తిన్నాయంటాడు.

చట్టం కూడా ఇందులో ఒక పాత్రే. ఏడేళ్ల పాటు ఒక మనిషి ఊసు, అతని గురించి సహజంగా తెలిసి ఉండాల్సిన వాళ్లకే తెలియకపోతే, బతికే ఉన్నాడనేవాళ్లే దాన్ని రుజువు చేయాలని పాత సాక్ష్య చట్టంలోని 108వ సెక్షన్ చెప్పేది. మనిషి పోయాడని కోర్టు భావించవచ్చు, ఎప్పుడు పోయాడో ఆ సెక్షన్ తేల్చదు. అంటే 1983లో మాయమైనవాడి భూమి కోసం 1990 దాకా ఆగాలి. ఆ ఏడేళ్లూ ఎదురుచూసింది ఎవరు? సొంత చెల్లెలు, అంటే మన టీచరమ్మ తల్లి. విరాసత్, అంటే వారసత్వపు హక్కు, ఆమె పేరు మీదికి మారింది. ఆ భూమి మీద వచ్చిన డబ్బుతోనే బిడ్డ హనుమకొండలో చదువుకుంది. ఇప్పుడు చెప్పండి, ఆ తల్లి నోరెట్లా విప్పుతుంది? ఆమె హంతకురాలు కానక్కర్లేదు. అన్న తిరిగి రాడని మిగతావాళ్ల కంటే కొంచెం ముందే ఎట్లా తెలిసిందో చెప్పలేకపోవడం చాలు.

వీటన్నిటికీ మించిన కారణం ఇంకోటుంది, అది ఈ నేలకే సొంతం. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1980లో నక్సలైట్ల పార్టీ పీపుల్స్‌వార్ ఏర్పడింది. ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఆ తర్వాతి కాలం తెలిసినవాళ్లకు వివరించి చెప్పక్కర్లేదు. ఊళ్లో ఒక యువకుడు కనబడకపోతే అడవిలోకి పోయాడేమో అనుకునేవాళ్లు, లేదంటే ఎవరైనా పట్టుకపోయారేమో అనుకునేవాళ్లు. ఏదైనా సరే, అడగడమే ముప్పు. అడిగినవాడి పేరు ఎవరి చెవినో పడుతుంది. ఊరంతా నేర్చుకున్న ఈ మౌనం వెనక ఒక మామూలు భూతగాదా హత్య హాయిగా దాక్కుంటుంది. హంతకుడు సాక్ష్యాలు చెరపక్కర్లేదు, ఎవరినీ బెదిరించక్కర్లేదు. ఆ రోజులే అతనికి కాపలా కాశాయి. ఇలాంటి చోట కథ పెట్టినప్పుడు నిదానంగా చెప్పడం తప్ప వేరే దారి ఉండదు. ఎవరూ అడగని ప్రశ్నను ముప్పై ఏళ్ల తర్వాత మొదటిసారి అడుగుతున్నారు మరి.

ఇక పేజీ మీద ఇది ఎలా ఉంటుందో చూద్దాం. టీచరమ్మ నీరటి ముసలాయన దగ్గరికి వెళ్తుంది. చెరువు తూము తీయడం, మూయడం ఒకప్పుడు ఆయన పని.

"ఆ రాత్రి తూము కాడ ఎవరున్నరు తాతా?"

"నేను ఊళ్లె లేను బిడ్డా. మేడారం జాతరకు వొయిన."

"ఒక్కనివే వొయినవా?"

"అందరం బండ్లు కట్టుకొని వొయినం. చాయ తాగుతవా?"

అధ్యాయం మొత్తం ఇంతే అనుకోండి. చుట్టూ ఎండ, అరుగు, కోళ్లు. హైదరాబాద్ చదువరికి ఇందులో ఏమీ కనబడకపోవచ్చు. వరంగల్ జిల్లాలో పెరిగినవాళ్లు మాత్రం ఇక్కడ ఆగుతారు. మేడారం జాతర మాఘమాసంలో. చెరువు మత్తడి దుంకేది వానాకాలంలో. రెండూ ఒక రాత్రి జరగవు. ముసలాయన అబద్ధమాడాడు, అదీ చాలా చేతగాని అబద్ధం. అంతకన్నా ఆసక్తికరమైనది టీచరమ్మ దాన్ని పట్టుకోకపోవడం. ఆమెకూ తెలియాలి కదా? తెలిసి ఊరుకుందా? అక్కడికి అనుమానం ఇద్దరి మీదికీ పాకింది. పేజీలో ఏమీ జరగలేదు, మనుషుల మీద మన అంచనా మాత్రం రెండుచోట్ల కదిలింది. నిదానపు నవలకు నేను పెట్టుకున్న కొలబద్ద ఇదే. ఒక అధ్యాయం చదివాక ఏ ఒక్కరి గురించీ నా అభిప్రాయం మారకపోతే ఆ అధ్యాయం అక్కడ అక్కర్లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. జాతర ఎప్పుడో తెలియని చదువరికి ఇది ఆధారం కాదు. న్యాయంగా రాసేవాళ్లు యాభై పేజీల ముందే ఎక్కడో, వేరే పనిమీద, మాఘమాసం చలిలో బండ్లు కట్టిన జ్ఞాపకం ఒకటి జారవిడుస్తారు. వేగంగా నడిచే నవలలో అలాంటి వాక్యం నక్షత్రంలా మెరిసి పట్టిచ్చేస్తుంది. నిదానపు నవలలో వంద మామూలు వాక్యాల నడుమ కలిసిపోతుంది. అందుకే పొడుగు వర్ణనలకు ఒక అసలైన ఉపయోగం ఉంది. ఆధారాన్ని చదువరి కళ్లముందే పెట్టి కనబడకుండా చేయగలవు.

కుతూహలం గురించి జార్జ్ లోవెన్‌స్టీన్ అనే ఆర్థికశాస్త్ర, మనస్తత్వ పరిశోధకుడు 1994లో ఒక వివరణ ఇచ్చాడు. తెలిసినదానికీ తెలుసుకోవాలనుకున్నదానికీ మధ్య ఖాళీ మన దృష్టిలో పడినప్పుడు కుతూహలం పుడుతుందన్నాడు. దీని వెనకాల మెలిక ఏమిటంటే, ఖాళీ కనబడాలంటే ముందు కొంత తెలిసి ఉండాలి. అసలేమీ తెలియని విషయం మీద ఎవరికీ కుతూహలం ఉండదు. చాలా స్లో థ్రిల్లర్లు తడబడేది ఇక్కడే. అన్నీ దాచిపెడితే ఉత్కంఠ పెరుగుతుందని వాళ్ల నమ్మకం. పేర్లు చెప్పరు, సంవత్సరం చెప్పరు, "ఆ సంఘటన" అని మాత్రం పదేపదే అంటారు. ఆ సంఘటన ఏమిటో ఆవగింజంతైనా తెలియనప్పుడు నాకెందుకు పట్టింపు? సైకిలు చట్రం, డైనమో, లేచిపోయిన ఇద్దరు ముసలోళ్లు ఉన్నారంటే పట్టింపు పుడుతుంది. తూము ఎత్తే చేయి రచయితదే. కానీ పొలం తడవాలంటే కొన్ని నీళ్లు వదలాల్సిందే.

నడిమి వంద పేజీలు ఎవరికైనా కష్టం. మొదట్లో "ఎవరు చేశారు" అన్న ప్రశ్న ఎంత బలంగా ఉన్నా అంత దూరం లాగలేదు. తెలిసినవాళ్లు అక్కడ ప్రశ్ననే మార్చేస్తారు. మన కథ సగంలో, ఒక రాత్రి తల్లి పాత కాగితాల కట్టను బియ్యం డబ్బా అడుగున దాచడం మనకు చూపించారనుకుందాం. బిడ్డ చూడలేదు. అప్పటిదాకా టీచరమ్మకు తెలిసిందే మనకూ తెలుసు. ఇప్పుడు ఆమె కంటే మనకు ఎక్కువ తెలుసు. ఇక ఆ ఇంట్లో తల్లీబిడ్డలు కలిసి అన్నం తినే ప్రతిసారీ మనకు ముద్ద దిగదు. "బియ్యం అయిపోవచ్చినయ్, నేను తీస్తా" అని బిడ్డ లేస్తే చాలు. కత్తులేమీ లేని ఈ భయం కుతూహలం కాదు, వేరే రకం. మొదటి సగం ఏం జరిగిందో అనే ఆరాటం, రెండో సగం ఏం జరగబోతుందో అనే దిగులు. ప్రశ్న కూడా మారింది. ఎవరు చంపారన్నది పక్కకు జరిగి, ఎవరెవరికి తెలుసన్నది ముందుకొచ్చింది. ఇంకొంచెం పోతే, బిడ్డకు తెలిశాక బయటపెడుతుందా అన్నది. ఆఖరిది తేలకుండా పుస్తకం మూయడం కష్టం. ఎందుకంటే ఆమె చదువూ, ఉద్యోగమూ అన్నీ ఆ భూమి మీదే నిలబడ్డాయి.

రచయిత మోసం చేయడం ఎలా ఉంటుందో ఇప్పుడు చెప్పడం తేలిక. సాక్షి ఫోన్ చేసి "అంతా రేపు పొద్దున కలిసి చెప్తా" అంటాడు, రాత్రికే చస్తాడు. ఇప్పుడే ఎందుకు చెప్పడు? అతనికి కారణం లేదు, రచయితకు ఉంది. కథ చెప్పే మనిషి ఉత్తరం విప్పి చదువుతాడు, ముఖం పాలిపోతుంది, మనకు మాత్రం అందులో ఏముందో నూరు పేజీల తర్వాత గానీ చెప్పడు. వాలుగా అచ్చేసిన అధ్యాయాల్లో పేరులేని హంతకుడు తన బాల్యం గురించి కవిత్వం చెబుతుంటాడు. ఈ ఆఖరుదంటే నాకు మరీ చిరాకు. ఇలాంటివి కొత్తవేం కావు. 1929లోనే రోనాల్డ్ నాక్స్ అనే రచయిత, వృత్తిరీత్యా చర్చి ఫాదరు, డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. పరిశోధకుడికి దొరికిన ఆధారాన్ని చదువరికీ వెంటనే చూపాలని, కథ చెప్పే మిత్రుడు తన మనసులో మెదిలిన ఆలోచనను దాచకూడదని అందులో ఉంది. ఆ పదిలో కొన్ని ఇప్పుడు నవ్వొచ్చేలా ఉన్నా ఈ రెండూ పాతబడలేదు.

దీనికి తలకిందులుగా, ఆలస్యాన్ని నిజాయితీగా నడిపిన పాత నవల కావాలంటే విల్కీ కాలిన్స్ రాసిన 'ది మూన్‌స్టోన్' ఉంది. 1799లో శ్రీరంగపట్నం దోపిడీలో పోయిన ఒక వజ్రం ఇంగ్లండులోని ఒక ఇంట్లో మాయమవడం దాని కథ. 1868లో వారపత్రికలో సీరియల్‌గానే వచ్చింది. సీరియల్ అంటే పరుగే అనుకునే మన అలవాటుకు అది చక్కటి జవాబు. అందులో కథను ఒకరి తర్వాత ఒకరు చెబుతారు. ఎవరికి వాళ్లు తమ కంటపడినంత మేరకే చెప్పాలన్నది షరతు. మొదట చెప్పేది ఇంటి పనులు చూసుకునే ముసలాయన. ఎక్కడ మొదలుపెట్టాలో తేలక మళ్లీ మళ్లీ మొదలుపెడతాడు. చదువుతుంటే ఒక పక్క విసుగు, ఇంకో పక్క నవ్వు. కానీ ఆయన మన దగ్గర ఏదీ దాచడం లేదు, ఆయనకే తెలియదు. ఆ ఆలస్యమంతా పాత్రలది. ముగింపు చెప్పను గానీ, వజ్రం సంగతి తేలినప్పుడు ఆ షరతు ఎందుకు పెట్టారో అర్థమై వెనక్కి తిప్పి చదవాలనిపిస్తుంది.

వెనక్కి తిప్పి చదవడం అన్నాను కాబట్టి ఒక మాట. 2011లో కాలిఫోర్నియాకు చెందిన ఇద్దరు పరిశోధకులు లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ 12 కథలతో ఒక ప్రయోగం చేశారు. ముగింపు ముందే తెలిసి చదివినవాళ్లకు ఆ కథలు సగటున ఎక్కువ నచ్చాయి, మిస్టరీ కథలు కూడా. తర్వాతి ప్రయోగాల్లో దీనికి భిన్నమైన ఫలితాలూ వచ్చాయి కాబట్టి దీన్ని వేదం చేయక్కర్లేదు. నా అనుభవం మాత్రం నవలను బట్టి ఉంటుందనే. ముగింపు తెలిశాక చప్పబడిపోయే పుస్తకంలో ఆలస్యం రచయితది. తెలిశాక ఇంకా రుచించేదాంట్లో అది మనుషులది. "చాయ తాగుతవా" అన్న నీరటి మాట రెండోసారి చదివినప్పుడు వేరేగా వినబడుతుంది.

వరంగల్ నేపథ్యం పెట్టుకున్నవాళ్లకు ఒక చిన్న మనవి కూడా. వేయిస్తంభాల గుడి, కోటలోని తోరణం, భద్రకాళి చెరువు వరసగా తిప్పి చూపిస్తే వాతావరణం వచ్చేయదు. అది టూరిజం శాఖ చూసుకుంటుంది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మీద కూర్చొని ఇద్దరు దళారులు గొంతు తగ్గించి మాట్లాడుకుంటే, మూడోవాడు రాగానే మాట మారిస్తే, అది వాతావరణం. హనుమకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయంలో టీచరమ్మ పాత పత్రికలు తిరగేస్తుంటే, కావాల్సిన తారీఖు కాగితం ఒక్కటే చిరిగి ఉంటే, అది కూడా వాతావరణమే. చోటు మనిషికి అడ్డమో ఆసరానో అయినప్పుడు ఎన్ని పేజీలు తీసుకున్నా ఫరవాలేదు.

చివరగా, జవాబే చెప్పకుండా ఆపేసే నవలల సంగతి. వీటి మీద తగువు ఎప్పుడూ ఉంటుంది. కళ అని కొందరు, దగా అని కొందరు. దీన్ని కూడా అదే ప్రశ్నతో తేల్చవచ్చు. మన కథలో పట్వారీ పోయాడు, సంచి దొరికిన చేపలవాళ్లలో ఒక్కడూ మిగల్లేదు, ఆ రాత్రి మొదటి దెబ్బ ఎవరు కొట్టారో చూసినవాళ్లు ఎవరూ బతికి లేరు. అప్పుడు రచయిత చెప్పకపోయినా నేను ఒప్పుకుంటాను. ఆ నిజం ఆ లోకంలోనే లేదు, ఆయనెక్కడి నుంచి తెస్తాడు? కానీ నీరటి ముసలాయన ఇంకా అరుగు మీద కూర్చొనే ఉన్నాడు, టీచరమ్మ అంతా తెలిసి ఎదురుగా నిలబడింది, ఆయన చెప్పడానికి నోరు తెరిచాడు, అక్కడ అట్ట మూసేశారంటే, ఆ పుస్తకాన్ని నేను ఇంకొకరికి ఇవ్వను.